సోలార్ ప్లేట్లు ఎటు చూడాలి

మా మామకు దక్షిణం దిక్కు అంటే గిట్టదు, అది యముడి దిక్కని. అన్నం తినేటప్పుడు అటు మొహం పెట్టి కూర్చోడు. హాల్లో గడియారం దక్షిణం గోడకు ఉంది కాబట్టి టైం ఎంతైందో ఆయన చూడడు, మమ్మల్ని అడిగి తెలుసుకుంటాడు. "గడియారం తీసి ఇంకో గోడకు పెట్టుకోరాదు మామా" అని పెళ్లయిన కొత్తలో ఒకసారి అన్నాను. "తియ్యాలంటే అటే తిరగాలె గద బిడ్డా" అన్నాడు. ఆ గడియారం ఇప్పటికీ అక్కడే ఉంది.

షాద్‌నగర్ మాకు దక్షిణాన ఉండడం ఆయన ఖర్మ. చుట్టాల్లో సగంమంది అటే ఉన్నారు. శంషాబాద్‌లో బస్సెక్కగానే డ్రైవర్ వెనక అడ్డంగా ఉండే పొడుగు సీటు కోసం చూస్తాడు, అక్కడ కూర్చుంటే మొహం తూర్పుకు ఉంటుంది కాబట్టి. అది ఆడవాళ్ల సీటు. కండక్టర్ లేపితే లేస్తాడు గానీ, నిలబడినా కిటికీ వైపే తిరిగి నిలబడతాడు. షాద్‌నగర్ దాకా అలా పక్కకు ప్రయాణం చేసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంటి సోలార్ గొడవకు మూలం ఇదే. అయితే ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. రోజూ కళ్లముందు కనిపించేది తట్టదు కదా.

ఎయిర్‌పోర్టు మొదలైన నాలుగైదేళ్లకు జరిగిన ముచ్చట ఇది. శంషాబాద్ బజారుకు కాస్త లోపలికి మాదొక డాబా ఇల్లు. మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర కారు నడిపేవాడు. నేను ముందు గదిలో బ్లౌజులు కుట్టేదాన్ని. పదమూడేళ్లు కాలితో తొక్కీ తొక్కీ నా కుడి మోకాలు బెల్లం కుండంత అయింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, "మిషన్ తొక్కుడు బంద్ చెయ్యి, లేకుంటే నడుసుడు బంద్ అయితది" అంది. మిషన్ మానేయడం నా వల్ల కాదు. అది నాకు వచ్చిన ఒకే ఒక్క పని, ఆ ఇంట్లో నేను ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునేది దాని మీద వచ్చిందే. అందుకని మిషన్‌కు మోటారు పెట్టించాం. పాదం కింద చిన్న మీట నొక్కితే చాలు, తుర్రుమని నడిచేది. కరెంటు ఉంటే.

ఆ ఏళ్ల కరెంటు కోతలు గుర్తున్నవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. పేపర్లో వేసే టైం ఒకటి, మా వీధిలో పోయే టైం ఇంకొకటి. సరిగ్గా బ్లౌజుకు చేతులు అతుకుతుంటే పోయేది. ఎదురుగా కూర్చున్న మనిషి "ఎప్పుడిస్తవక్కా" అని అడిగితే, కరెంటు ఆఫీసు వాళ్లను అడగమని నేను విరుచుకుపడేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోను.

అలా ఒక ఎండాకాలం ఇంటికి సోలార్ వచ్చింది. రెండు ప్లేట్లు, ఒక పెద్ద బ్యాటరీ, ఒక ఇన్వర్టర్ డబ్బా. మూడు లైట్లు, రెండు ఫ్యాన్లు, నా మిషన్ మోటారు, అంతవరకే దాని పని. డబ్బా మీద పచ్చ లైటు వెలిగితే బ్యాటరీ నిండినట్టు, ఎర్ర లైటు వెలిగితే ఖాళీ అయినట్టు. బిగించడానికి వచ్చినతను అసలు కూలర్లు బాగుచేసే మెకానిక్. సోలార్ చేతపట్టడం అదే మొదలు. అందుకని మర్యాదగా మా మామను అడిగాడు.

"ఇవి ఎటు దిక్కు పెట్టాలె బాపూ?"

అడగాల్సిన మనిషిని కాదు అడిగింది. మా మామ మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు.

"సూర్యుడు దేవుడా కాదా?"

"దేవుడే."

"దేవుని మూల ఏది?"

"ఈశాన్యం."

"మరి ఇగ నన్నేమడుగుతవ్?"

మెకానిక్ డాబా ఎక్కాడు. రెండు ప్లేట్లనూ ఈశాన్యానికి తిప్పి, వాన నీళ్లు నిలవకూడదని బాగా ఏటవాలుగా, నిచ్చెన వేసినట్టు నిలబెట్టాడు. కొబ్బరికాయ కొట్టాం. మా మామ ప్లేట్లకు పసుపు కుంకుమ పెట్టబోతే, అద్దం మీద పెట్టకూడదని మెకానిక్ బతిమాలి ఇనుప కాళ్లకు పెట్టించాడు.

ఎండాకాలమంతా అది బ్రహ్మాండంగా నడిచింది. ఎండాకాలంలో సూర్యుడు నడినెత్తి మీదుగా పోతాడు, ఎటు తిప్పి పెట్టినా ఎంతో కొంత పనవుతుంది. ఇది ఇప్పుడు చెబుతున్నాను, అప్పుడు నాకు తెలియదు. అప్పుడు మాత్రం వీధిలో అందరికీ పచ్చ లైటు చూపించి గొప్పలు పోయాను. దసరా దాటాక లైటు మధ్యాహ్నానికే ఎర్రబడడం మొదలైంది. దీపావళి దాటాక పదకొండింటికే ఎర్రబడేది. కార్తీకం వెళ్లేసరికి, ఒక బ్లౌజు వీపు ముక్క కుట్టి ముందు ముక్క చేతిలోకి తీసుకునేలోపు మోటారు మూలిగి ఆగిపోయేది.

ఆ టైంలోనే పెళ్లి బ్లౌజులు వచ్చాయి. మా వీధి చివర కిరాణా కొట్టు ఉంది. ఆ కొట్టావిడ కూతురి పెళ్లి మాఘంలో. పెళ్లికూతురివీ, తల్లివీ, మేనత్తలవీ, అందరివీ కలిపి ఇరవై రెండు బ్లౌజులు, అన్నిటికీ లైనింగు. సంచి నిండా గుడ్డలు తెచ్చి నా ముందు పెట్టి, "నీ చేతి కుట్టే కావాలె" అంది. అదే నెలలో బజారులో అద్దాల తలుపుల బొటిక్ ఒకటి తెరిచారు. వాళ్లకు జనరేటర్ ఉంది. ఈ పెళ్లి బ్లౌజులు నేను టైంకు ఇవ్వలేకపోతే కొట్టావిడ అక్కడికి పోతుంది, ఆమె వెంట వీధి మొత్తం పోతుంది. కొట్టులో ఉప్పు కొన్న ప్రతి మనిషికీ ఆ మాట చేరుతుంది. నాకు నిజంగానే భయం పట్టుకుంది.

ఇంట్లో మగవాళ్లు రంగంలోకి దిగారు. అదే నా కష్టాలకు అసలు మొదలు.

మా ఆయన అంచనా ప్రకారం తప్పు దుమ్ముది. కార్లు కడిగే షాంపూతో ప్లేట్లను కడిగాడు, కారు ముందు భాగానికి రాసే పాలిష్ రాశాడు. అవి ఎంత మెరిశాయంటే, డ్యూటీకి పోయేముందు డాబా ఎక్కి వాటిల్లో చూసుకుని మీసం దువ్వుకునేవాడు. కింద డబ్బా మీద లైటు మాత్రం ఎర్రగానే ఉండేది. అప్పుడు ప్లేట్లు సరిపోవడం లేదు, పెంచాలా వద్దా అనే ఆలోచనలో పడ్డాడు. ఆలోచన అంటే తను ఆలోచించడం కాదు, ఎయిర్‌పోర్టులో ఎక్కిన ప్రతి ప్యాసింజర్‌నూ అడగడం. "సార్, మీ ఇంటికి సోలార్ ఉన్నదా? పెంచుకుంటే గిట్టుబాటు అయితదా?" పాపం, పది గంటలు విమానంలో కూర్చుని వచ్చినవాళ్లు ఏదో ఒకటి చెప్పేవారు. బెంగళూరు నుంచి దిగినాయన పెంచమన్నాడట. ఢిల్లీ ఆయన వద్దన్నాడట. దుబాయ్ నుంచి వచ్చినాయన అక్కడి ఎండ గురించి గచ్చిబౌలి దాకా చెప్పాడట గానీ, ప్లేట్ల సంగతికి రాకముందే ఆయన ఇల్లు వచ్చేసిందట. ఆ రోజు ఆఖరున దిగిన మనిషిది ఏ అభిప్రాయమైతే ఆ పూటకు మా ఇంటి అభిప్రాయం అదే. మర్నాడు మళ్లీ మొదటికి వచ్చేది.

మా మామ లెక్క వేరు. ఆయన దృష్టిలో తప్పు విమానాలది. మా ఇంటి మీదుగా రోజూ విమానాలు పోతాయి. ఒక్కోసారి నీడ డాబా మీద పడి జారిపోతుంది. ఆ నీడ ఎండను తినేస్తోందని ఆయన పట్టుబట్టాడు. సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కి, నీడ పడిన ప్రతిసారీ పిట్టగోడ మీద ఒక గీత గీసేవాడు. నేను చాయ్ తీసుకుపోతే, "జర ఆగు బిడ్డా, ఒకటొస్తున్నది" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. వారం తిరిగేసరికి పిట్టగోడంతా గీతలే.

మా వెనక పోర్షన్‌లో కిరాయికి ఉండే సారుది గోదావరి జిల్లా. ఏదో ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. మాట మెత్తన, పద్ధతి గల మనిషి. ఆయన బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కి ఆ గీతలు చూశాడు.

"ఎంత పెద్ద విమానమైనా నీడ రెప్పపాటులో దాటిపోతుందండీ బాబాయి గారూ. దానివల్ల నష్టం ఏమీ ఉండదండీ" అన్నాడు.

"దినమంత రెప్పలు కొడ్తనే ఉంటె కన్నేం సూస్తది సారూ?" అన్నాడు మా మామ.

సారు ఆలోచనలో పడ్డాడు. చదువుకున్న మనిషి ఆ మాటకు ఆలోచనలో పడడం నాకు నచ్చలేదు. కానీ ఆయన కిందికి దిగాక ఒక మంచి పని చేశాడు. గళ్ల కాగితం మీద పట్టిక వేసి, ప్లేట్లు పెంచడం లాభమా నష్టమా అని పద్ధతిగా తేల్చుకుని తీసుకొచ్చాడు. మేమంతా చుట్టూ కూర్చున్నాం.

"అదనంగా నాలుగు ప్లేట్లు, ఇంకో బ్యాటరీ వేసుకుంటే, పెట్టిన సొమ్ము ఏడేళ్లకు తిరిగి వస్తుందండీ" అన్నాడు.

"మంచిదే గద" అన్నాడు మా ఆయన.

"మంచిదేనండీ. అయితే బ్యాటరీ ఆరేళ్లకు పాడవుతుందండీ."

ఇంతకీ పెంచాలా వద్దా అని నేను అడిగాను. అది కుటుంబ నిర్ణయం కదమ్మా అని సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక్కడ నేను చేతిలో ఉన్న గిన్నె విసరలేదు గానీ, గట్టిగానే పెట్టాను.

చివరికి షాద్‌నగర్‌లో సోలార్ సామాను అమ్మే దుకాణానికి ఫోన్ చేసింది నేనే. ఎర్ర లైటు సంగతి చెబితే, రెండు ప్లేట్లు చాలవు అక్కా, ఇంకో నాలుగు పెట్టుకుంటే ఖాయంగా నడుస్తుందని దుకాణం ఆయన అన్నాడు. మా మామ ఒక్క మాట కూడా బేరమాడకుండా బ్యాంకుకు పోయి, ముసలితనానికి దాచుకున్న దాంట్లోంచి తీసి తెచ్చాడు. "నీ మిషన్ ఆగొద్దు" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. విమానాల గీతలన్నీ క్షమించేశాను.

ఇద్దరం బస్సెక్కాం. మా మామకు అడ్డం సీటు దొరికింది, తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. నేను ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూస్తున్నాను. మలుపుల దగ్గర మినుకుమినుకుమనే ఎర్ర లైట్లు ఉంటాయి కదా, వాటి నెత్తిన చిన్న చిన్న సోలార్ ప్లేట్లు కనిపించాయి. నా మనసంతా ప్లేట్ల మీదే ఉంది కాబట్టి చూశాను. అన్నిటి వీపులే కనిపిస్తున్నాయి. పెట్రోలు బంకు మీద రెండు ఉన్నాయి, వాటిదీ వీపే. ఒక స్కూలు డాబా మీద వరసగా ఉన్నాయి, అవీ అంతే. అలిగిన ఆడపడుచుల్లా అన్నీ మాకు వీపు పెట్టి అటు చూస్తున్నాయి.

"మామా, జర గవి సూడు. అన్ని ప్లేట్లు ఒక్క దిక్కే సూస్తున్నయి" అన్నాను.

"ఏ దిక్కు?"

"మనం పొయ్యే దిక్కు."

మా మామ కిటికీలోంచి కళ్లు తిప్పలేదు. "నాకు కనవడయి" అన్నాడు.

దుకాణం ఆయన మాకు కుర్చీలు వేసి చాయ్ తెప్పించాడు. నాలుగు ప్లేట్ల ధర, బ్యాటరీ ధర చెప్పాడు. మా మామ డబ్బు తియ్యడానికి బనియన్ జేబులో చెయ్యి పెట్టాడు. నాకు మాత్రం ఆ వీపులే కళ్లముందు ఆడుతున్నాయి.

"ఇవి ఎటు దిక్కు పెట్టాలన్నా?" అన్నాను.

"దక్షిణం అక్కా. ఇంకెటు పెడ్తరు?" అన్నాడాయన. "మీ పాతయి ఎటున్నయి?"

"ఈశాన్యం" అన్నాడు మా మామ, గర్వంగా.

దుకాణం ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఎవరో చచ్చిపోయారన్న వార్త విన్నట్టు కళ్లజోడు తీశాడు. తర్వాత మెల్లగా, ఓపిగ్గా చెప్పాడు.

"బాపూ, చలికాలం సూర్యుడు దక్షిణం దిక్కు నుంచి పోతడు. మీ ప్లేట్లకు పొద్దుగాల జరసేపు మొఖం మీద ఎండ పడ్తది. తర్వాత దినమంత వీపు మీద పడ్తది. వీపుకు కరెంటు రాదు బాపూ. నాలుగు ప్లేట్లు ఎందుకు, ఉన్న రెండిటిని అటు తిప్పుర్రి. పైస ఖర్చు లేదు. సరిపోకుంటే అప్పుడు రార్రి."

అమ్ముకునేవాడు అమ్మనని చెప్పడం నేను జీవితంలో అదొక్కసారే చూశాను. నాకు లేచి ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. మా మామ మొహం మాత్రం గోడలా అయిపోయింది.

"తిప్పకుండ పని కాదా?" అని అడిగాడు.

దుకాణం ఆయన నా వైపు చూశాడు, మా మామ వైపు చూశాడు. "అయితది. గట్లయితే నాలుగు గాదు, ఎనిమిది పెట్టాలె" అన్నాడు.

"పెట్టు."

"ఏంది పెట్టేది?" అని నేను కుర్చీలోంచి లేచాను.

"ఎనిమిది పెట్టు. ఇయ్యాల నాలుగిటికే పైసలు తెచ్చిన. సోమారం మిగతయి తెస్త."

దుకాణంలో నేను ఏమేం అన్నానో అన్నీ రాయను. పక్క దుకాణం వాళ్లు కూడా వచ్చి విన్నారు. తిరుగు బస్సు ఉత్తరానికి కాబట్టి మా మామ హాయిగా ముందు సీట్లో కూర్చున్నాడు. నేను పంతానికి పోయి అడ్డం సీట్లో కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. ఆయన్ని కాళ్లు కూడా కడుక్కోనివ్వకుండా డాబా ఎక్కించాను. అక్కడ సారు ఆరిన బట్టలు తీస్తున్నాడు, మా వాలకం చూసి మెట్ల దగ్గరికి తప్పుకున్నాడు. నేను మా మామ చెయ్యి పట్టుకుని ప్లేటు ముందువైపు పెట్టించాను. చల్లగా ఉంది. తర్వాత వీపు మీద పెట్టించాను. కాలి, చెయ్యి లాక్కున్నాడు.

"సూసినవా మామా? ఎండంత ఈడున్నది. నా మోకాలు పోయింది, నా గిరాకి పోతున్నది, నువ్వు ఉన్న పైసలన్ని పెట్టి ఎనిమిది ప్లేట్లకు ఎండ వీపు మీద కొట్టిపిస్తనంటున్నవు. దిక్కుల ఏముంటది?"

ఆ ఆఖరి మాటకు ఆయన నా చేతిలోంచి చెయ్యి తీసుకున్నాడు.

"గా మాట నేను అన్నదే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన పిట్టగోడ మీద, తన సుద్ద గీతల మీదే కూర్చున్నాడు.

"మీ అత్తకు అన్న. ఈ ఇల్లు కట్టకముందు కిరాయికి ఒక ఇల్లు తీస్కున్నం. దర్వాజ దక్షిణం ఉన్నది, నాకు మనసొప్పుతలేదు, ఇంకోటి సూడు అన్నది. నేను నవ్విన. దిక్కుల ఏముంటది పిచ్చిదానా అన్న. ఏడు తిరగకముందే జరమొచ్చి పోయింది."

మా అత్తను నేను చూడలేదు. నా పెళ్లికి ముందే పోయింది. ఫొటోలో తప్ప ఆమె నాకు తెలియదు. ఈయన మొదటినుంచీ ఇలా దిక్కుల పిచ్చి మనిషే అనుకున్నాను గానీ, ఒకప్పుడు దిక్కులంటే నవ్విన మనిషని నాకు ఎవరూ చెప్పలేదు.

"జరం దోమతోని వస్తది మామా. దర్వాజ నుంచి రాదు" అన్నాను.

"నాకెరుకనే. డాక్టరు గూడ గదే చెప్పిండు."

"మరి?"

"ఎరుకనే గని బిడ్డా, ఆమె మాట ఇననిది నేను గద." కాలి కిందికి వేలు చూపించాడు. "ఈ ప్లేట్ల కింద ఎవరి రూమున్నది? నీదే. దినమంత నువ్వే కూసుంటవు. రేపు నీకేమన్న అయితే, రెండుసార్లు నవ్వినోన్ని అయిత నేను."

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. కిందికి దిగిపోయాను. మెట్ల దగ్గర సారు బట్టలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దిక్కు తప్పని నేను మొదటి వారంలోనే గమనించానమ్మా. కానీ అద్దెకున్నవాణ్ణి, వాస్తు విషయం, మాట్లాడితే బాగోదని ఊరుకున్నాను" అన్నాడు.

ఆయన్ని తిట్టే ఓపిక కూడా నాకు లేకపోయింది.

ఆ వారంలో నేను ప్లేట్ల మాట ఎత్తలేదు. ఎనిమిదీ వద్దు, నాలుగూ వద్దు, డబ్బు తిరిగి బ్యాంకులో వెయ్యి మామా అని మాత్రం చెప్పాను. కరెంటు ఉన్నప్పుడు కుట్టాను, లేనప్పుడు చేత్తో హుక్కులు వేశాను. గుడ్డలు వచ్చినప్పటి నుంచి మొత్తం కలిపి నాలుగే బ్లౌజులు తెమిలాయి. మిగిలిన పద్దెనిమిది మాఘానికి అయ్యే దారి కనబడలేదు. ఒక పొద్దున్న ఆ పద్దెనిమిది గుడ్డలనూ మళ్లీ సంచిలో సర్దాను. మాట తప్పి ఆఖరి నిమిషంలో చేతులెత్తేయడం కంటే ఇప్పుడే ఇచ్చేస్తే ఆమె బొటిక్‌లో అయినా కుట్టించుకుంటుంది కదా అనుకున్నాను. సంచి చంకన పెట్టుకుని గడప దాటుతుంటే, "యాడికి బిడ్డా?" అన్నాడు మా మామ. చెప్పాను.

కొట్టావిడ చుట్టాలను పిలవడానికి జల్‌పల్లి పోయిందట. ఇప్పుడొస్తది కూసో అక్కా అని ఆమె భర్త స్టూలు వేశాడు. పోయి చెప్పుకోవడానికి ఎంత సిగ్గుగా ఉందో, తిరిగి పోయి మళ్లీ రావడానికి అంతకన్నా సిగ్గుగా ఉంది. కూర్చున్నాను. అల్లం, జీలకర్ర, అగరుబత్తుల వాసనల మధ్య మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆమె రాలేదు. సంచి మళ్లీ చంకన పెట్టుకుని బయలుదేరాను.

కొట్టు మా ఇంటికి దక్షిణాన ఉంటుంది. సగం వీధి నడిచేసరికి మా డాబా కనిపించింది. రెండు ప్లేట్లూ సూటిగా నా మొహం మీదికి చూస్తున్నాయి. ఎండ వాటి మీద పడి కళ్లలో కొట్టింది. వాటి కింద పిట్టగోడకు బయటివైపు, వెల్ల వేసి, ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. రంగు ఇంకా ఆరలేదు, ఒక దీర్ఘం కిందికి కారుతోంది.

శంషాబాద్ చుట్టుపక్కల తిరిగినవాళ్లకు ఆ రాత పద్ధతి తెలుసు. ఖాళీ ప్లాటు కనిపిస్తే చాలు, ఇది ఫలానా వారిది, తండ్రి పేరు ఫలానా, ఇతరులు ప్రవేశించరాదు అని గోడ మీద రాయించి పెడతారు. మా గోడ మీద మొదట మా మామ పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు ఉన్నాయి. కింద ఇలా ఉంది: ఈ సోలార్ ప్లేట్లు పై వారి సొంతము. దక్షిణ దిక్కుకు తిప్పించినది పై వారే. ఇంటిలోని ఇతరులకు దీనితో ఎట్టి సంబంధమూ లేదు. ఏమైనా దోషము ఉన్నచో పై వారిని మాత్రమే తీసుకొనిపోవలెను.

వీధి మధ్యలో నిలబడి రెండుసార్లు చదివాను.

డాబా ఎక్కేసరికి మా ఆయన చేతిలో స్పానరుతో, సారు చొక్కా నిండా మరకలతో ఉన్నారు. పెయింటర్ డబ్బాలు సర్దుకుంటున్నాడు. బాబాయి గారు అటు తిరగకుండా, మాకు వీపు పెట్టి నిలబడి, భుజం మీదుగా వేలు చూపిస్తూ ప్లేట్లు తిప్పించారని సారు చెప్పాడు. "భాష మాత్రం నాదేనమ్మా, భావం వారిది" అని కూడా అన్నాడు.

మా మామ ఉత్తరం వైపు తిరిగి, మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా సంచి చూశాడు. గుడ్డలు వెనక్కే వచ్చాయని తెలిసి తల ఊపాడు.

"కింద నుంచి సదివినవా? అడ్రస్ కరెక్టే ఉన్నదా? వచ్చెటోడు పరేషాన్ కావద్దు" అన్నాడు.

"కరెక్టే ఉన్నది. నీ కింద నా పేరు గూడ రాయించు మామా."

"కుదరదు. ఒక్క ప్లాటు ఇద్దరి పేర ఉంటే లొల్లయితది." చెయ్యి విదిలించాడు. "ఇగ పో. మిషన్ నడుస్తదో లేదో సూడు."

కిందికి దిగాను. కరెంటు లేదు. డబ్బా మీద పచ్చ లైటు వెలగలేదు గానీ, ఎర్ర లైటు ఆరిపోయి ఉంది. సంచి విప్పి, పెళ్లికూతురి బ్లౌజు తీసి, పాదంతో మీట నొక్కాను. మోటారు నడిచింది. ఆగకుండా నడిచింది. ఆ పూట నేను ఏడ్చుకుంటూ మూడు బ్లౌజులకు చేతులు కుట్టాను. వాటిలో ఒకదానికి ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ పడ్డాయి. మళ్లీ విప్పి కుట్టాల్సి వచ్చింది.